తలపన్ను చెల్లించినవాని కుమారుడు

2006 వ సంవత్సరము జూన్ 22 వ తేదీన కెనడా ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పరు ఆట్టవా పార్లమెంటు సభలో లేచి, పూర్వము తమ ప్రభుత్వము చీనా దేశీయులపై విధించిన తలపన్నుకై క్షమాపణ చెప్పుకొనెను. ఆనాడు ఆ దేశపు పడమటి రాష్ట్రములలో నొకటియైన ఆల్బర్టాకు రాణిగారి ప్రతినిధిగా, లెఫ్టినెంటు గవర్నరను బిరుదముతో, ఎడ్మంటను నగరమున కొలువుదీరియున్న పెద్దమనిషి యెవరు? ఆ తలపన్నునే చెల్లించి ఆ నేలపై కాలుమోపిన ఒక చీనా కిరాణా వర్తకుని కుమారుడు. క్షమాపణ చెప్పినది రాజ్యము. ఆ రాజ్యమకుటమునకు ఒక రాష్ట్రమున ప్రతినిధి ఆయన. క్షమాపణకు పాత్రములైన కుటుంబములలో నొకదానికి వారసుడును ఆయనయే. ఇట్టి చమత్కారము చరిత్రలో అరుదుగా సంభవించును.

ఆయన పేరు నార్మన్ క్వాంగు. ఆయన కీర్తికి మూలము విద్వత్తు కాదు, వంశము కాదు. బంతిని చంకనిడుకొని పరుగెత్తుట.

సంపాదకీయపు పుటలో బంతియాటకేమి పనియని మా పాఠకులలో పెద్దలు కొందరు కనుబొమలు ముడుచుకొనవచ్చును. ఆటలు మా పత్రికలో వేరొక పుటకు చెందినవన్నమాట నిజమే. కాని పౌరత్వమనగా ఏమి, ఒక దేశము ఎవరిని తనవారని యెంచును, ఎప్పుడు ఎంచును, ఏ ధరకు ఎంచును అను ప్రశ్నలకు కెనడా దేశము ఇచ్చిన సమాధానములన్నియు ఈ యొక్క మనుష్యుని జీవితమునందు వరుసగా కానవచ్చుచున్నవి. నేడు మన తెలుగు బిడ్డలు వేలకొలది ఆ దేశమునకు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. కాల్గరీ, ఎడ్మంటను నగరములందును మనవారి కుటుంబములు కాపురమున్నవి. తాము నడచుచున్న వీథులలో తమకంటె ముందు నడచినవారి పాదములు ఎట్టి ముండ్లను త్రొక్కినవో వారును, వారిని పంపిన తలిదండ్రులును ఎరుగుట మంచిది.

కెనడా దేశమును తూర్పునుండి పడమరకు కలుపు పసిఫిక్ రైలుమార్గమును 1881 మొదలు 1885 వరకు నిర్మించినపుడు పడమటి కొండలలో రాళ్లు పగులగొట్టినవారు చీనా కూలీలు. వారు పదునైదువేలకు తక్కువ కారు. వారిలో వందలకొలదిమంది ప్రేలుళ్లకును, జబ్బులకును, చలికిని బలియైరి. మార్గము ముగిసిన ఆ 1885 నందే కెనడా ప్రభుత్వము, ఇకమీదట వచ్చు ప్రతి చీనా మనుష్యుడును 50 డాలర్లు చెల్లించి అడుగుపెట్టవలెనని శాసించెను. పని తీరినది, పన్ను మొదలైనది. 1900 లో ఆ మొత్తము 100 డాలర్లు, 1903 లో 500 డాలర్లు అయ్యెను. ఐదువందల డాలర్లన నాటి చీనా కూలివాని రెండేండ్ల సంపాదన. మరి ఏ జాతివారిపైనను ఇట్టి పన్ను లేదు. సుమారు 82,000 మంది నుండి ఖజానాకు 2 కోట్ల 30 లక్షల డాలర్లు చేరినవి.

పన్నుతో తృప్తి పొందక 1923 జూలై 1 వ తేదీనుండి చీనావారి ప్రవేశమునే నిషేధించిరి. జూలై 1 ఆ దేశమునకు జన్మదినోత్సవము. ఇతరులు జెండాలెత్తి వేడుక చేసికొనుచుండగా చీనావారు దుకాణములు మూసికొని దానిని అవమానదినముగా పాటించిరి. ఆ శాసనము 24 సంవత్సరములు అమలులోనుండగా ఆ దేశమున ప్రవేశము పొందిన చీనావారు ఏబదిమందిని మించరు. భర్త ఇచట, భార్య అచట, నడుమ మహాసముద్రము. తండ్రి ముఖమెరుగక పెరిగిన బిడ్డలెందరో! ఆ దేశమున పుట్టినవారు సైతము, చీనా రక్తము గలవారైనచో, సర్కారువారియొద్ద తమ పేరు నమోదు చేయించుకొనవలసినదే. బ్రిటిషు కొలంబియా రాష్ట్రమున వారికి వోటు లేదు. మనవారికిని లేదు. 1914 లో గురుదత్తు సింగు నాయకత్వమున 376 మందితో వాంకోవరు రేవు చేరిన కోమగటమారు ఓడను రెండు నెలలు నీటిమీదనే నిలిపి, కొద్దిమందిని తప్ప తక్కినవారిని వెనుకకు తరిమిన కథ మన పెద్దలు మరువలేదు. బజ్‌బజ్ రేవులో వారిపై కాల్పులు జరిపిన కథయు మరువలేదు. బ్రిటిషు సామ్రాజ్యమున అందరును సమానప్రజలే యను మాటయొక్క విలువ ఎంతయో ఆ యోడ తేల్చివైచెను.

ఇట్టి కాలమున, 1929 అక్టోబరు 24 వ తేదీన, కాల్గరీ పట్టణములో లిమ్ క్వాంగ్ యూ జన్మించెను. తండ్రి గ్వాంగ్‌డంగ్ సీమనుండి వచ్చినవాడు, చిల్లర సరకుల దుకాణము నడుపువాడు. చీనావారును మనవలెనే ఇంటిపేరు ముందుంచి సొంతపేరు తరువాత వ్రాసికొందురు. ఈ కుటుంబమునకు ఇంటిపేరు లిమ్. అయినను లోకమెరిగినది నార్మన్ క్వాంగును మాత్రమే. ఇంటిపేరెక్కడో ఒంటిపేరెక్కడో తెలియని తెల్లవారి కాగితములలో మన తెలుగువారి పేర్లును ఇట్లే తారుమారగుట నేడును జరుగుచునే యున్నది. నవ్వుకొని ఊరకుందుము. కాని తాతతండ్రులనాటి ఇంటిపేరు పోవుట చిన్న నష్టము కాదు.

ఇక ఆట సంగతి. కెనడావారు ఫుట్‌బాలని పిలుచు ఆటలో కాలికి పని తక్కువ. కోడిగ్రుడ్డు వాటమున సాగియున్న బంతిని చేతబట్టుకొని శత్రుపక్షపు గోడను చీల్చుకొని ముందుకు పోవుటయే ప్రధానము. పక్షమునకు పన్నిద్దరు. మైదానము నిడివి 110 గజములు, వెడల్పు 65 గజములు. మూడు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను, లేదా బంతిని ఎదుటివారికి అప్పగింపవలెను. అమెరికావారి ఆటలో పదునొకండ్రు, నాలుగు ప్రయత్నములు. ఒక్క ప్రయత్నము తగ్గుటచే కెనడా ఆటలో ప్రతి గజమునకును విలువ హెచ్చు. బంతిని పుచ్చుకొని ఆ మనుష్యపు గోడలోనికి దూరువానిని రన్నింగుబ్యాకు అందురు. మన చెడుగుడులో కూత పెట్టి ఎదుటి బరిలో దూరిన ఆటగానిని అందరును ఒక్కుమ్మడి పట్టబూనుట పాఠకులెరుగుదురు గదా! ఆ పట్టు ఎట్టిదో యూహించి, పట్టువారొక్కొక్కరు నూరు శేర్ల పైబడిన బరువుగలవారని తలచుకొన్నచో, రన్నింగుబ్యాకు పని ఏపాటిదో కొంత బోధపడును. ఈ పనివారిలో అంచులవెంబడి దూసికొనిపోవువారు కొందరు, నట్టనడుమ గుద్దుకొని పోవువారు కొందరు. క్వాంగు రెండవ తెగవాడు. పొట్టివాడు, బలిసిన తొడలవాడు, నేలకు దగ్గరగా వంగి పరుగెత్తువాడు. అట్టివానిని పడద్రోయుట కష్టము.

పదునెనిమిదవ యేట, 1948 లో, ఆయన కాల్గరీ స్టాంపీడర్ల జట్టున చేరెను. వృత్తిగా ఈ యాట నాడిన చీనా సంతతివారిలో ఆయనయే ప్రథముడు. ఆ సంవత్సరము కాల్గరీ జట్టు పండ్రెండు పోటీలాడి పండ్రెంటను గెలిచి, ఓటమి యనునది ఎరుగక, దేశమున అత్యున్నతమైన గ్రే కప్పు పోటీకై టొరాంటోకు పోయెను. పడమటి పశుపాలకుల సీమనుండి ప్రత్యేక రైలులో గుర్రములతోను వంటబండ్లతోను తరలిపోయిన జనము టొరాంటో వీథులలో పొయ్యిలు పెట్టి, అట్లు పోసి, దారినపోవువారికెల్ల పంచిపెట్టిరట! నవంబరు 27 వ తేదీన ఆట్టవా జట్టును 12–7 గా ఓడించి కాల్గరీవారు కప్పు గైకొనిరి. క్వాంగునకు అప్పటికి పందొమ్మిదేండ్లు నిండి ఒక్క నెల గడచినది.

ఇచట తేదీలను పాఠకులు గమనింపవలెను. చీనావారి ప్రవేశమును నిషేధించిన శాసనము రద్దయినది 1947 లో. క్వాంగు మైదానమున దిగినది 1948 లో. నడుమ ఒక్క యేడు. ఆటస్థలము దేశమునకు సమత్వమును నేర్పినదని క్రీడాభిమానులు వ్రాయుచుందురు. మాకట్లు తోచుట లేదు. శాసనమును రద్దు చేయించినది రెండవ ప్రపంచ యుద్ధమునందు ఆ దేశము పక్షమున పోరాడిన ఆరువందల మంది చీనా యువకుల సేవ. వోటులేని దేశముకొరకు తుపాకి పట్టినవారు వారు. మరియు ఏండ్లతరబడి అర్జీలు వ్రాసిన సంఘములవారి ఓరిమి. సమితి ప్రతిజ్ఞాపత్రముపై సంతకముచేసి ఇంటిలో అట్టి శాసనమును ఉంచుకొనుట సిగ్గుచేటని తెల్ల రాజకీయజ్ఞులలో కొందరికి తోచుటయు కొంత కారణము. ఆ సైనికుల పేర్లు, ఆ అర్జీలు వ్రాసినవారి పేర్లు నేడెందరికి తెలియును? క్వాంగు పేరు బడిపిల్లలకును తెలియును. ఇది క్వాంగు తప్పు కాదు. జనుల జ్ఞాపకశక్తి యొక్క స్వభావమట్టిది.

1951 లో కాల్గరీవారు ఆయనను ఎడ్మంటను జట్టునకు బదలాయించిరి. ఈ బేరము కాల్గరీవారి చరిత్రలో మిక్కిలి తెలివితక్కువ పనులలో నొకటి. ఎడ్మంటను జట్టు 1954, 1955, 1956 సంవత్సరములలో వరుసగా మూడు మారులు గ్రే కప్పును గెలిచెను. మూడు మారులును ఎదిరి మాంట్రియాలు జట్టే. మొదటి పోటీ 26–25 గా ఒక్క అంకెతో తేలినది. మూడవది 50–27 గా ఏకపక్షమైనది. 1955 లో క్వాంగు దేశముననే ఉత్తమ పురుష క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. 1956 లో ఒక్క ఋతువులో 1,437 గజములు పరుగెత్తెను. కెనడాలో పుట్టిన ఆటగాడెవ్వడును ఆ లెక్కను 56 సంవత్సరములవరకు దాటలేదు. 2012 లో కాల్గరీ జట్టువాడైన జాన్ కార్నిషు 1,457 గజములతో దాటెను. అదియు క్వాంగు కాలమునకంటె రెండు పోటీలు అధికముగా ఆడు కాలమున. 1960 లో విరమించునాటికి, లెక్కలు నిలిచియున్న ఋతువులలో, క్వాంగు పరుగెత్తిన మొత్తము 9,022 గజములు. బంతి చేతికి వచ్చిన ప్రతిమారును సగటున అయిదు గజములకు పైమాట.

ఈ అంకెలకంటె మమ్ము ఎక్కువగా ఆలోచింపజేయునది మరియొకటి కలదు. ఆ కాలమున ఆ దేశపు ఆటలో స్వదేశీయులు, దిగుమతి ఆటగాండ్రు అని రెండు తరగతులుండెడివి. అమెరికానుండి వచ్చువారు దిగుమతులు. వారి సంఖ్యకు మితి యుండెడిది. స్వదేశీయులలో మేటికి ఏటేట ‘ఉత్తమ కెనడియను’ అను బహుమానమిత్తురు. 1955 లో ఒకమారు, 1956 లో మరల, ఆ బహుమానము క్వాంగునకు వచ్చెను. ఏ జాతి బిడ్డలను పుట్టినచోటనే పరదేశులవలె పేరు వ్రాయించుకొనుడని శాసించిరో ఆ జాతి బిడ్డకు, పదేండ్లు తిరుగకముందే, కెనడియనులలో ఉత్తముడవని కాగితము వ్రాసియిచ్చిరి! వ్రాసియిచ్చినవారికి అందలి వ్యంగ్యము తోచెనో లేదో.

తోచలేదనుటకు ఆయనకు పత్రికలవారు పెట్టిన ముద్దుపేరే సాక్ష్యము. ‘చైనా క్లిప్పరు’ అని పిలిచిరి. అది 1930 దశకమున పసిఫిక్ సముద్రముపై ఎగిరిన ఒక అమెరికా విమానముపేరు. వేగమునకు చిహ్నముగా పెట్టితిమందురు. కావచ్చును. కాని కాల్గరీలో పుట్టి, కాల్గరీలో చదివి, కాల్గరీకి కప్పు తెచ్చినవానిని చైనాతో ముడిపెట్టనిదే పేరు పెట్టలేకపోయిరి గదా! ప్రేమతోనే పిలిచిరి. ఆయనయు కోపగించలేదు. జీవితాంతము ఆ పేరును నవ్వుతో ధరించెను. అయినను ప్రేమతో చేసిన వేరుపాటు సైతము వేరుపాటే. అసలు ఆయన ఆడిన జట్టు పేరు మాత్రమెట్టిది? ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూటు ప్రజలను ఇతరులు పిలిచిన పేరు, వారికి రుచింపని పేరు, ‘ఎస్కిమోలు’. ఆ పేరును 2020 లో గాని విడువలేదు. 2021 నుండి ఆ జట్టు ‘ఎల్క్స్’ అను పేరుతో ఆడుచున్నది.

ఆ జట్టున క్వాంగు ప్రక్కన పరుగెత్తినవాడు జానీ బ్రైటు. అమెరికాలో పుట్టిన నీగ్రో జాతివాడు. 1951 అక్టోబరులో ఓక్లహోమా రాష్ట్రపు స్టిల్‌వాటరు పట్టణమున, విద్యార్థిగా డ్రేకు విశ్వవిద్యాలయము పక్షమున ఆడుచుండగా, బంతి తనచేత లేని సమయమున ఎదుటి జట్టు తెల్ల ఆటగాడొకడు ముష్టిఘాతముతో ఆయన దవడయెముకను విరుగగొట్టెను. ఒక పత్రిక ఛాయాచిత్రకారులు ఆ ఘాతమును క్షణక్షణమును పట్టి ప్రకటించి మరుసటి యేట పులిట్జరు బహుమానమునందిరి. ఆ చిత్రములు లేకున్నచో నమ్మువారెవరు? ఫిలడెల్ఫియా జట్టువారు ఆహ్వానించినను, దక్షిణాది తెల్లవారితో కలిసి ఆడుటకు మనసొప్పక, బ్రైటు కెనడాకు తరలిపోయెను. తన ఆటజీవితమున 10,909 గజములు పరుగెత్తి, 1959 లో లీగు మొత్తమునకు ఉత్తమ ఆటగాడై, పిమ్మట ఎడ్మంటనులోనే ఉపాధ్యాయుడై, ప్రధానోపాధ్యాయుడై, ఆ దేశపు పౌరుడై 1983 లో కన్నుమూసెను. దవడ విరిచిన పోటీ జరిగిన విద్యాలయమువారు 2005 లో క్షమాపణ వ్రాసిరి. చచ్చిన 22 సంవత్సరములకు!

ఒక పక్షమున ఆ దేశము చీనావారికి తలుపులు మూసిన దేశము. మరొక పక్షమున, అమెరికాలో దెబ్బతిన్న నల్లవానికి నీడయిచ్చిన దేశము. రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచువాడు ఆ దేశమునకు వందిమాగధుడో శత్రువో కావలెను. పత్రికారచయిత కారాదు. 1955, 1956 ల గ్రే కప్పు పోటీలలో ఎడ్మంటను పక్షమున బంతి మోసినవారిలో ముఖ్యులు ఈ యిద్దరును. టికెట్లు కొని కేకలు వేసినవారు పడమటి సీమ తెల్ల రైతులు, చమురు గనుల పనివారు. వారింటి పిల్లలు వీథులలో క్వాంగునని యొకడు, బ్రైటునని యొకడు పేర్లు పెట్టుకొని ఆడియుందురు. దీనిని మేము చిన్నచూపు చూడము.

ఆట ముగిసిన పిమ్మట క్వాంగు స్టాకుల వ్యాపారము, ఇండ్లస్థలముల వ్యాపారము చేసెను. 1971 లో ఆల్బర్టా శాసనసభకు కాల్గరీ మిల్లికను నియోజకవర్గమున కన్సర్వేటివు అభ్యర్థిగా నిలిచి ఓడెను. ఆ యేడు ఆ పక్షము 75 స్థానములలో 49 గెలిచి అధికారమునకు వచ్చినది. ముఖ్యమంత్రియైన పీటరు లోహీడు పూర్వము ఎడ్మంటను జట్టువాడే. 1956 లో క్వాంగు చేతికి బంతి అందించిన డాన్ గెట్టీ ఆ యెన్నికలో గెలిచి, మంత్రియై, 1985 లో ముఖ్యమంత్రియు అయ్యెను. గాలి అంత అనుకూలముగా వీచిన యేట క్వాంగు ఓడెను. ఓటమికి కారణములు పెక్కులుండును. మిల్లికను వాసులు క్వాంగును మైదానమున మెచ్చిరి. సభకు పంపలేదు. చప్పట్లును వోటును ఒకే చేతినుండి వచ్చునని తలచుట పొరపాటు.

1980 లో కాల్గరీ ఫ్లేమ్స్ అను మంచుహాకీ జట్టు యజమానులలో ఒకడై, 1989 లో ఆ జట్టు స్టాన్లీ కప్పును గెలువగా, గ్రే కప్పుపైనను స్టాన్లీ కప్పుపైనను పేరు చెక్కబడిన బహుకొద్దిమందిలో చేరెను. తన తొలిజట్టైన స్టాంపీడర్లు అప్పులలో మునిగియున్నపుడు 1988 మొదలు కొన్నియేండ్లు దాని నిర్వహణభారమును వహించెను. 2005 జనవరిలో లెఫ్టినెంటు గవర్నరయ్యెను. ఆ యేడు ఆల్బర్టా రాష్ట్రమునకు శతవార్షికము. ఎలిజబెత్తు రాణి మేనెలలో విచ్చేయగా కిరాణా వర్తకుని కుమారుడు ఆమెకు స్వాగతమిచ్చెను. ఆయన తండ్రివంటివారి నుండి పన్ను వసూలు చేసిన శాసనములన్నియు ఆమె పూర్వుల పేరిటనే వెలువడినవి. 2010 మే వరకు ఆ పదవిలోనుండి, 2016 సెప్టెంబరు 3 వ తేదీన తన 86 వ యేట కాల్గరీలో మరణించెను.

క్వాంగు జీవితమును చూపి, చూడుడు, మా దేశమున వర్ణభేదము లేదు, ప్రతిభ గలవానికి అడ్డు లేదు అని వాదించువారు కలరు. సామ్రాజ్యము వెలిగిన దినములలో మనకును ఇట్టి వాదమునే వినిపించిరి. ఒక హైకోర్టు జడ్జిని, ఒక సర్ బిరుదాంకితుని, ఒక కౌన్సిలు మెంబరును చూపి, భారతీయునికి ఏమి తక్కువయని అడిగిరి. ఆ ఒక్కని వెనుక నిలిచిన కోట్లను చూపవద్దనిరి. తొమ్మిదివేల గజములు పరుగెత్తినగాని మనుష్యుడుగా గుర్తింపబడనిచో, పరుగెత్తలేని దుకాణదారుని గతి యేమి? బట్టలుతుకు చీనావాని గతి యేమి? వారికి కావలసినది మర్యాద, వోటు, భార్యాబిడ్డలను తెచ్చుకొను హక్కు. 1947 లో నిషేధము రద్దయినను పౌరుల భార్యాబిడ్డలకు తప్ప ఇతర చీనావారికి ద్వారము తెరువబడలేదు. జాతిని చూడక యోగ్యతను చూచు పద్ధతి 1967 లో గాని రాలేదు. క్వాంగు ఆట మానిన ఏడేండ్లకు. నేడు మన విద్యార్థులు పాసుపోర్టు పట్టుకొని దర్జాగా దిగుచున్నది ఆ 1967 నాటి ద్వారముననే.

ఇంత చెప్పియు, ఆయన సాధించినదానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. అవమానదినములు పాటించిన సంఘమునకు, వాని పిల్లలు తలయెత్తి చూపగల మనుష్యుడొకడు ప్రతి శనివారము మైదానమున కానవచ్చుట చిన్న విషయమా? నలువదివేల కన్నులముందు నేలపై పడి, లేచి, దుమ్ము దులుపుకొని, మరల వరుసలో నిలుచు చీనా బాలుని చూచి దుకాణపు బల్లవెనుక కూర్చున్న ముసలివారికి ఎట్లుండెనో ఊహింపవచ్చును.

2006 నాటి క్షమాపణతోపాటు, తలపన్ను చెల్లించి అప్పటికి జీవించియున్నవారికి, లేదా వారి భార్యలకు లేక భర్తలకు, తలకు 20,000 డాలర్లు ఇచ్చెదమనిరి. చెల్లించినవారిలో అత్యధికులు అప్పటికే చనిపోయియుండిరి. వారి కొడుకులకును కూతుండ్రకును ఏమియు లేదనిరి. కుటుంబములు చెల్లించిన పన్నును కుటుంబములకే తిరిగి ఈయవలెనని చీనా సంఘములవారు కోరిరి. ఆ కోరికను కెనడా ప్రభుత్వము అంగీకరింపలేదు.